అయిదడుగుల ఒక్క అంగుళం

ఊళ్లు పట్టుకు తిరిగేవాడికి కొన్ని జబ్బులు తప్పవు. నాకున్న జబ్బు, ఎక్కడికి వెళ్లినా ముందు ప్రహరీలు చూడటం. గాజుపెంకులు గుచ్చిన గోడలు చూశాను, ముళ్లతీగ చుట్టినవి చూశాను, గేటుకు కుక్క బొమ్మ తగిలించి లోపల పిల్లిని పెంచుకునేవాళ్లనూ చూశాను. ఇంట్లోవాళ్లు ఎవరికి భయపడుతున్నారో ఆ గోడే చెప్పేస్తుంది. మొక్కలతో దడి పెంచుకునేవాళ్లు మాత్రం ఎవరికీ భయపడరనీ, మెత్తని మనుషులనీ చాలాకాలం నమ్మాను. ఎక్కడో పుస్తకాల్లో చదివిన నమ్మకం అయ్యుంటుంది. కత్తెరమ్మ ఇంటి వెనకగదిలో అద్దెకు దిగాక దాన్ని వదిలేశాను.

వీధి చివర యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. అందులో కత్తెరమ్మ ఇరవై ఆరేళ్లు గుడ్డ కత్తిరించింది. నలభై పొరల గుడ్డ బల్లమీద పరిచి సుద్దగీత వెంట కత్తి నడిపితే, పై పొరకూ అడుగు పొరకూ వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదట. మనుషుల్ని చూసినా ఆవిడకు కొలతలే కనిపిస్తాయి. నేను సంచి దించిన మొదటిరోజే, గది చూపించడానికి ముందు నన్ను పైకీ కిందికీ చూసి, "అన్నయ్యా, మీ కుడి భుజం ముప్పాతిక అంగుళం దిగింది. సంచి రెండో పక్క మొయ్యండి," అంది. అరవై ఏళ్లుగా అద్దంలో చూసుకుంటున్నా నాకు తెలియని సంగతి అది.

ఆ ఇరవై ఆరేళ్లూ ఫ్యాక్టరీ హాల్లో ఒక చివర చెక్క వేదిక, దానిమీద కుర్చీ, కుర్చీలో సూపర్‌వైజర్. ఆయన అరిచే మనిషి కాదు. చూసేవాడు. ఎవరైనా వంచిన నడుం ఎత్తితే చూసేవాడు, గుక్కెడు నీళ్లు తాగితే చూసేవాడు, ఎవరూ ఏమీ చేయకపోతే ఎందుకు చేయడంలేదా అని చూసేవాడు. "తిడితే తిరిగి తిట్టొచ్చన్నయ్యా. చూపుకి ఏం బదులిస్తాం?" అనేది కత్తెరమ్మ.

ఇద్దరూ ఒకే ఏడాది పని మానేశారు. ఫ్యాక్టరీవాళ్లు తమ క్వార్టర్లను పాతవాళ్లకు చీట్లు తీసి ఇచ్చేశారు. అదృష్టం కత్తెరమ్మను చూసి పళ్లన్నీ కనపడేలా నవ్వింది. ఆవిడ ఇంటి పక్కిల్లు సూపర్‌వైజర్‌కు వచ్చింది. ఇంట్లో సామాన్లు సర్దకముందే ఆవిడ చేసిన మొదటి పని, రెండిళ్ల మధ్య గోరింట కొమ్మలు వరసగా పాతడం. ఎనిమిదేళ్లలో అది ఆరడుగుల దడి అయింది. పైన బల్లపరుపు, పక్కలు నిట్టనిలువు. పక్షి వాలాలన్నా సందేహించేంత నున్నగా కత్తిరించేది.

సూపర్‌వైజర్‌కు కొడుకూ కోడలూ ఉన్నారు, కడుపులో చల్ల కదలకుండా బతకొచ్చు. కానీ ఆయన ప్రాణం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఉండిపోయింది. వరండాలో కుర్చీ వేసుకుంటే, కత్తెరమ్మ ముంగిట మీదుగా చూపు వెళితే, ఆ గేటు కనిపిస్తుంది. అంటే, మధ్యలో దడి లేకపోతే కనిపిస్తుంది. ఉదయం ఏడున్నరకు సైరన్ మోగుతుంది. ఎవరు ముందొచ్చారు, ఎవరు పరిగెత్తుకొచ్చారు, ఎవరు గేటు మూశాక బతిమాలుతున్నారు అనేవి చూడకుండా ఆయనకు కాఫీ గొంతు దిగేది కాదు. ముసలి సింహానికి అడవి అక్కర్లేదు, అడవి గేటు కనపడితే చాలు.

ఆ తొమ్మిదో ఏడు దడి చావడం మొదలుపెట్టింది.

నేనప్పుడే ఏదో తిరుగుడు ముగించుకుని వచ్చాను. ఆకులు పసుపెక్కి రాలిపోతున్నాయి. చీడేమోనని ఆకు తిప్పి చూశాను, పురుగు లేదు. వేరు కుళ్లేమోనన్నాను. కత్తెరమ్మ రెండు గజాల దూరంలో నిలబడి, ఒక కన్ను మూసి, దడి వంక చూస్తోంది.

"అన్నయ్యా, ఎండింది ఎక్కణ్ణించి ఎక్కడిదాకా?"

"నడిమిన. ఓ ఏడు చెట్లు."

"ఈ అంచు చూడండి. ఆ అంచు చూడండి. గీత గీసినట్టు లేవూ? చీడ స్కేలు పెట్టుకుని తింటుందా?"

నిజమే. పచ్చదనం ఆగిపోయినచోట సుద్దగీత కొట్టినట్టే ఉంది. ఆ ఏడు చెట్లూ సరిగ్గా వరండా కుర్చీకీ ఫ్యాక్టరీ గేటుకూ మధ్యనున్నవి. కత్తెరమ్మ వేళ్ల దగ్గర మట్టి తవ్వి వాసన చూసింది. ఉతికిన బట్టల వాసన.

ఆ వారంలోనే సూపర్‌వైజర్ కోడలు బట్టలు ఆరేస్తూ, దడి పల్చబడ్డచోటు నుంచి అంది: "పిన్నీ, మా ఇంట్లో బ్లీచింగ్ పొడి నెలకో డబ్బా అయిపోతోంది. మా మావగారి పంచెలు మాత్రం ఎప్పటి రంగులోనే ఉన్నాయి. నేనేం అనలేదు, సుమా!"

కత్తెరమ్మ చేతులు కడుక్కుని దడి దగ్గరకు వెళ్లింది. అవతల ఆయన కుర్చీలో ఉన్నాడు.

"సూపర్‌వైజర్ గారూ, నా దడికేదో తెగులు పట్టింది."

"చూస్తున్నానమ్మా. పాపం."

"మీ కుర్చీకి అడ్డమున్న చెట్లకే పట్టింది."

"తెగులుకి కళ్లుంటాయా ఏమిటి?"

"ఉన్నాయి. కళ్లజోడు కూడా ఉంది."

ఆయన కళ్లజోడు తీసి, పంచెకొసతో తుడుచుకుని, తాపీగా పెట్టుకున్నాడు. "మొక్కలకి మాత్రం వయసు మీద పడదా? పీకి పారేసి నాలుగు గులాబీలు పెట్టుకో. పొట్టిగా, ముచ్చటగా ఉంటాయి."

ఆ 'పొట్టిగా' అన్నమాట ఆవిడకు ముల్లులా దిగింది. లోపలికొచ్చి కత్తెర సానబెట్టడం మొదలుపెట్టింది. గంటసేపు ఆ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. ఆఖరికి అంది: "ఇట్లాంటి కష్టం పగవాడికి కూడా వద్దంటారు కదా. నాకు పగవాడికే కావాలి. ఇంకెవరికీ వద్దు."

నాకు తోచిన సలహా చెప్పాను. తాపీమేస్త్రీని పిలిస్తే రెండు రోజుల్లో గోడ లేపేస్తాడు, పీడా పోతుంది అన్నాను. నన్ను ఎంత జాలిగా చూసిందో!

"గోడ రెండ్రోజుల్లో లేస్తుంది. మూడోరోజుకి మనిషికి అలవాటైపోతుంది. దడైతే అట్లా కాదు. రోజూ ఇంత ఇంత మూసుకొస్తుంది. గేటు దగ్గర ముందు కాళ్లు కనపడకుండా పోతాయి. తర్వాత నడుములు. తర్వాత భుజాలు. అదంతా ఆయన కూర్చుని చూడాలి. ఆఖరి తలకాయ మాయమైన పూట నేను ఇవతల నిలబడి ఆయన మొహం చూడాలి. ఆ ఒక్క మొహం చాలు నాకు."

నేను చదివిన కథల్లో పగ తీర్చుకున్నవాళ్లంతా కత్తులు దూసినవాళ్లు, విషం కలిపినవాళ్లు. కలిపిన విషాన్ని మట్టిలోంచి తట్టలకొద్దీ ఎత్తిపోసి పగ మొదలుపెట్టిన మనిషిని ఈవిడనే చూశాను. దడి పొడవునా రెండడుగుల లోతు తవ్వింది. పాత మన్ను వీధి చివర గుంటలో పోయించింది. మిగిలిన వేళ్ల మీద నాలుగు రోజులు నీళ్లు పారించింది. ప్రతి చెట్టు బెరడూ గోటితో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, గోధుమరంగుంటే పోయినట్టు. నడిమి ఏడూ పోయాయి. అటూ ఇటూ ఉన్నవాటిని మోకాలెత్తున నిర్దాక్షిణ్యంగా నరికేసింది. నరికిన కొమ్మల్లో బలమైనవి ఏరి, ఏటవాలుగా కోసి, ఆ ఖాళీలో పాతింది. చచ్చినవాటి స్థానంలో వాటి తోబుట్టువులే నిలబడ్డాయి. ఎరువు వేయనా అంటే, "లేచి కూర్చోలేనివాడికి విందు భోజనమా?" అని కసిరింది.

దడి మోకాలెత్తుకు దిగగానే సూపర్‌వైజర్‌కు స్వర్గం తెరుచుకుంది. గేటు మొత్తం, బూట్లతో సహా కనిపిస్తోంది. కాఫీ గ్లాసు ఎత్తి, "చల్లగా ఉండమ్మా!" అని దీవించాడు కూడా.

"చూడండి, చూడండి. కడుపునిండా చూడండి," అంది కత్తెరమ్మ.

ఎంత ఎత్తు పెరిగితే ఆయన చూపు మూసుకుంటుందో ఆవిడ ఊహించలేదు, లెక్క కట్టింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లకు కోటు కుట్టేవాళ్లు. ఆయన కోటు అట్ట, అంటే కత్తిరింపుకోసం అట్టమీద కోసిపెట్టుకునే నమూనా, ఆవిడ దగ్గరే ఉండిపోయింది. దాన్ని వంటింటి బల్లమీద పరిచింది. మెడ ఎముక నుంచి నడుం దాకా పద్దెనిమిది అంగుళాలు. నడుం నుంచి కుర్చీ దాకా ఎనిమిది. మెడ నుంచి కంటిదాకా అయిదు. కుర్చీ ఎత్తు పదహారు, వరండా అరుగు పన్నెండు. పైన కుట్టు కోసం వదిలే రెండంగుళాలు అలవాటు కొద్దీ కలిపింది.

"అయిదడుగుల ఒక్క అంగుళం," అని ప్రకటించి, దడి పక్క గుంజకు ఆ ఎత్తున సుద్దగీత కొట్టింది.

గోరింటను వదిలేస్తే ఏడాదిలో అంత పెరుగుతుంది. ఆవిడ పెరగనివ్వలేదు. కొసలు జానెడు లేవగానే తుంచేది. తుంచినకొద్దీ కింద పక్కకొమ్మలు వేసి అడుగు దట్టమవుతుంది. "దడైనా పగైనా అడుగు పల్చగా ఉంటే పైకి పెరిగి ఏం లాభం?" అనేది. అలా ఏడాదికి పది అంగుళాల చొప్పున, నిండుగా, సందు లేకుండా లేస్తోంది. నేను ఏటా ఒక రెండు నెలలు అక్కడ ఉండి, మళ్లీ కాళ్లు దురదపెట్టి వెళ్లిపోతూ ఉండేవాణ్ణి. మళ్లీ వచ్చినప్పుడల్లా ముందు గుంజ దగ్గరకే తీసుకెళ్లేది.

మూడో ఏడు చలికాలంలో సూపర్‌వైజర్‌కు నెమ్ము చేసింది. కోడలు గాబరాగా దడి మీదుగా కేక వేసింది. కొడుకు ఊళ్లో లేడు. కత్తెరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆరు రోజులు ఆ ఇంట్లోనే కూర్చుని వేళకు మాత్రలు మింగించింది. మింగనంటే ముక్కు పట్టుకుంది.

డాక్టర్ ముచ్చటపడ్డాడు. "పక్కింటివాళ్లంటే ఇలా ఉండాలమ్మా. ఎంత అభిమానం!"

"అభిమానం లేదు, గాడిదగుడ్డూ లేదు. ఈయన ఇంకో రెండేళ్లు బతకాలి డాక్టరుగారూ. దడి ఇంకా నాలుగడుగులే అయింది."

డాక్టర్‌కు అర్థం కాలేదు. కళ్లు మూసుకుని పడుకున్న సూపర్‌వైజర్‌కు అయింది. మర్నాడు కాస్త గొంతు పెగిలాక అడిగిన మొదటి మాట, "ఎంతదాకా పెంచుతావే?"

"అయిదడుగుల ఒక్క అంగుళం."

"అంత కచ్చితంగా ఎట్లా తెలుసు?"

"మీ కోటు అట్ట నా దగ్గరుంది. ఆఖరి తలకాయ మాయమైన పూట మీ మొహం కూడా చూస్తాను."

ఆయన ఆ పూట మాత్ర అడిగి మరీ వేసుకున్నాడు.

నేను మళ్లీ వచ్చేసరికి దడి నాలుగడుగుల పది అంగుళాలు. గీతకు మూడంగుళాలు తక్కువ. ప్రతి ఉదయం సైరన్ మోగగానే అవతలి నుంచి సూపర్‌వైజర్ గొంతు వినిపించేది, దడికి వినపడాలన్నట్టు.

"ఆ పచ్చచొక్కావాడు ఇవాళా ఆలస్యమే! మా రోజుల్లో అయితేనా!"

కత్తెరమ్మ కత్తెర ఆడిస్తూ నాకు కన్నుగీటేది. "తలకాయలింకా కనపడుతున్నాయి. చూడనీ. ఈ వానలు పడితే సరి." ఆ ఎదురుచూపులో ఆవిడ పదేళ్లు చిన్నదైనట్టు కనిపించింది. పగ అనేది మనిషిని కాల్చేస్తుందని చెప్పేవాళ్లు ఆ మొహం చూసి ఉండరు.

ఒక సోమవారం సైరన్ మోగింది. మేమిద్దరం ముంగిట్లోనే ఉన్నాం. ఇవతలి నుంచి గేటు మాకు బాగా కనిపిస్తుంది. లోపలికి వెళుతున్న వాళ్లందరూ బూడిదరంగు కోట్లలో ఉన్నారు. ఊరందరికీ యూనిఫారాలు కుట్టే ఆ ఫ్యాక్టరీ, ఇన్నాళ్లకు ఆ రోజు నుంచి సొంత మనుషులకు యూనిఫారం ఇచ్చింది. "చంకలు బిగిశాయి. ఎవడు కత్తిరించాడో!" అని కత్తెరమ్మ గొణుగుతోంది. అప్పుడే దడి అవతల నుంచి:

"అదుగో, పచ్చచొక్కావాడు! సిగ్గు లేకుండా ఇవాళ కూడా పరుగే!"

కత్తెర ఆగిపోయింది.

"ఏ చొక్కా సూపర్‌వైజర్ గారూ?"

"పచ్చది. నీకు కళ్లు కనపడవా?"

"ఇవాళ గేటు దగ్గర ఒక్క పచ్చచొక్కా లేదు. అందరివీ బూడిదరంగు కోట్లే."

అవతల కోడలు పకపకా నవ్వడం వినిపించింది. "ఇంక నావల్ల కాదు మావయ్యా! పిన్నీ, ఈయనకి గేటు కనపడి అయిదు నెలలైంది. నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకున్నాడు."

కత్తెరమ్మ చేతిలో కత్తెరతోనే వీధిలోకి వెళ్లి, వాళ్ల గేటు తీసుకుని వరండా ముందు నిలబడింది. నేనూ వెనకే వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆకులు. ఒట్టి ఆకులు. దడి అంచు ఆయన నొసటికన్నా పైనుంది.

"అయిదు నెలలు!" అన్నాడాయన, బహుమానం అందుకున్నవాడిలా. "ముందు కాళ్లు పోయాయి. నడుములు పోయాయి. భుజాలు పోయాయి. ఆఖరి తలకాయ పోయినరోజు నేను కాఫీ తాగుతూ పాట పాడా. నువ్వు అవతల కొమ్మలు తుంచుతున్నావ్. నా మొహం చూశావా? చూళ్లేదు. ఇంక చూడలేవు."

కత్తెరమ్మ ఆయన్ను అప్పుడు చూసింది, గుడ్డ తానును చూసినట్టు. వీపు వంగిపోయింది. మెడ భుజాల్లోకి దిగింది. అట్టలోని మనిషి ఇంకెక్కడో ఉన్నాడు.

ఇంటికొచ్చి మెట్టుమీద కూలబడింది. "గుడ్డ ముడుచుకుంటుందని ముందే తడిపి, ఆరేసి, అప్పుడు కత్తిరిస్తాం అన్నయ్యా. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి మర్చిపోలేదు. మనిషి ముడుచుకుంటాడని నా బుర్రకి తట్టలేదు."

"ఏమైతేనేం? చూపు మూసేశావు. నువ్వే గెలిచావు కదా."

"గెలిచినట్టు తెలియని గెలుపేం గెలుపు? ఎదుటివాడి మొహం తెచ్చిపెట్టగలరా మీరు?"

తేలేనని ఒప్పుకున్నాను.

రెండు రోజులు కత్తెర మేకుకు వేలాడింది. మూడోరోజు పొద్దున టేపు, సుద్ద తీసుకుని పక్కింటికి బయల్దేరింది. కాగితం, పెన్సిలు నా చేతిలో పెట్టింది.

"కొత్త కొలత కావాలి. నిటారుగా కూర్చోండి," అంది సూపర్‌వైజర్‌తో.

ఆయన పొంగిపోయాడు. "తీసుకో, తీసుకో! ఇంకో ఏడాది పెంచుతావా? పెంచు," అని నడుం బిగించి, మెడ సాచి, గడ్డం ఎత్తాడు. కూర్చున్నచోటే రెండంగుళాలు పెరిగాడు.

"కోటు కొలతలప్పుడు కూడా ఇంతే. పొట్ట లోపలికి పీల్చేవారు. ప్రతిసారీ రెండంగుళాలు నేనే కలిపి కత్తిరించేదాన్ని. లేకపోతే బొత్తాలు ఎగిరి ఎవరి కంట్లోనో పడేవి."

"అబద్ధం!"

"చంకల్లో గుడ్డముక్క కూడా వేసేదాన్ని. హాలంతటికీ తెలుసు. మీకు 'గుమ్మడి' అని పేరు."

"ఎవరు? ఎవరు పెట్టారా పేరు? ఆ ఇస్త్రీవాడేనా? వాణ్ణి ఆరోజే..." ఆయన ఊగిపోతూ ముందుకు వంగాడు, వెనక్కి వాలాడు, మెడ సంగతి మర్చిపోయాడు. తిట్టి తిట్టి అలిసి మామూలుగా కూర్చున్న క్షణంలో కత్తెరమ్మ ఆయన కంటికి సరిగ్గా వెనకగోడమీద సుద్దతో చిన్న గీత కొట్టింది. "రాయండన్నయ్యా. నాలుగడుగుల ఆరు," అంది.

మర్నాడు ఆవిడ చేసిన పని నేను ఏ ఊళ్లోనూ చూడలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోటుకు బొత్తం దూరడానికి కాజా కోస్తారు చూడండి, అలా దడిలో కాజా కోసింది. వరండా గోడమీది గీత నుంచి తన ముంగిలిదాకా దారం లాగి, ఆ దారం వెంట, రెండడుగుల మందం దడిలో, జానెడు పొడవు బెత్తెడు ఎత్తు సందు తొలిచింది. ఆకులు మళ్లీ కమ్ముకోకుండా అంచుల్లో చిన్న కొమ్మల్ని వెనక్కి వంచి సన్నతీగతో వరసగా కట్టింది. కాజా అంచు కుట్టినంత శుభ్రంగా ఉంది. అంతా అయ్యాక, సందుకు ఇవతల, దారం వచ్చి తగిలినచోట, ఇటుకలు పేర్చి వాటిమీద స్టూలు వేసింది.

మరుసటి ఉదయం ఏడుంపావుకు కత్తెరమ్మ తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, కాఫీ గ్లాసుతో స్టూలెక్కింది. నేను ఉండబట్టలేక అవతలి వరండాలోకి వెళ్లాను.

సూపర్‌వైజర్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆకుల మధ్య వెలుతురు చూసి మొహం విప్పారింది. గేటు ఇచ్చిందనుకున్నాడు. కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగి చూశాడు. సైరన్ మోగింది. గేటు దగ్గర అడుగుల చప్పుడు, కేకలు, ఎవరో బతిమాలడం అన్నీ వినిపిస్తున్నాయి. సందులో మాత్రం, ఒక చెంప నుంచి రెండో చెంపదాకా, కత్తెరమ్మ. రెప్ప వేయడంలేదు. నడుం ఎత్తితే చూస్తోంది, గుక్క తాగితే చూస్తోంది, ఏమీ చేయకపోయినా చూస్తోంది.

ఆయన మొహంలో అప్పుడొచ్చింది. నాలుగేళ్లు మట్టెత్తి, కొమ్మలు తుంచి, మాత్రలు మింగించి ఆవిడ దేనికోసం కాచుకుందో అది, ముందు పెదవుల దగ్గర మొదలై, నొసటిదాకా పాకింది. కత్తెరమ్మ దాన్ని ఒక్క మూల కూడా వదలకుండా చూసుకుంది.

నాకే ఇబ్బందిగా అనిపించింది. "కుర్చీ ఓ రెండడుగులు పక్కకి లాక్కోకూడదూ?" అన్నాను మెల్లగా.

"నేనెందుకు లాక్కుంటానండీ? ఇది నా వరండా," అన్నాడాయన, చూపు తిప్పకుండా, పళ్లు బిగించి. "కావాలంటే ఆవిణ్ణి దిగి పొమ్మనండి."

సందులోంచి కాఫీ చప్పరించిన చప్పుడు వచ్చింది.

"నేనిప్పుడేగా కూర్చున్నాను," అంది కత్తెరమ్మ.